బాల్ ద్రవం నుంచి ఫ్లో సైటోమెట్రీ దాకా: ఊపిరితిత్తుల్లోని రోగనిరోధక కణాలను ల్యాబ్‌లో చూడటం ఎలా?

సార్కాయిడోసిస్ (రోగనిరోధక కణాలు గుంపులుగా పేరుకునే జబ్బు) ఉన్న రోగి రక్తంలో లింఫోసైట్లు చాలాసార్లు తగ్గి కనిపిస్తాయి. అదే రోగి ఊపిరితిత్తుల్లో మాత్రం సీడీ4 అనే ఉపరితల గుర్తు (మార్కర్) ఉన్న లింఫోసైట్లు కిక్కిరిసి ఉంటాయి. రక్తం ఒక్కటే చూసి రాసే రిపోర్టు అసలు జబ్బు నడుస్తున్న చోటికి పూర్తిగా ఎదురు చెబుతుంది. అందుకే ఊపిరితిత్తుల జబ్బుల్లో రోగనిరోధక కణాల మీద పనిచేయాలంటే కణాలు ఊపిరితిత్తుల నుంచే రావాలి. వాటిని తేలిగ్గా, మళ్లీ మళ్లీ తీసుకోగలిగే దారి బ్రాంకోఅల్వియోలార్ లవాజ్. ల్యాబుల్లో అందరూ అనేది 'బాల్'. బ్రాంకోస్కోప్‌ను ఒక చిన్న శ్వాసనాళంలో బిగించి, అక్కడి నుంచి సెలైన్ పంపి, వెనక్కి లాగి, ఆ ద్రవంలో వచ్చిన కణాలను చూస్తాం.

మన దగ్గర ఈ పని అవసరం ఎంతో చెప్పడానికి ఐఎల్‌డీ (ఇంటర్‌స్టిషియల్ ఊపిరితిత్తుల జబ్బు)-ఇండియా రిజిస్ట్రీ చాలు. 19 నగరాల్లోని 27 కేంద్రాల నుంచి 1,084 మంది రోగుల వివరాలతో 2017లో అది అచ్చయింది. అందులో అందరికంటే ఎక్కువగా, 47 శాతం మందికి ఉన్నది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్, అంటే పీల్చిన బూజు లాంటివాటికి ఊపిరితిత్తులు అతిగా స్పందించే జబ్బు. వాళ్లలో దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ వాడుతున్నవాళ్లే. తడి ప్యాడ్ల మీద పెరిగే బూజు ఎండాకాలమంతా గాలితో లోపలికి పోతుంది. ఈ జబ్బులో బాల్ ద్రవంలో లింఫోసైట్లు విపరీతంగా పెరుగుతాయి. వాటిని సరిగ్గా లెక్కపెట్టగలిగితే డాక్టర్‌కు గట్టి ఆధారం దొరుకుతుంది, పరిశోధకుడికి మంచి డేటా దొరుకుతుంది.

ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులనూ, ఆసుపత్రి ల్యాబుల్లో కొత్తగా చేరిన టెక్నీషియన్లనూ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పనిలో కోటి రూపాయల మెషీన్ కన్నా రంగు వేసిన ఒక గాజు స్లైడునే ఎక్కువ నమ్మాలి. ఫ్లో సైటోమీటర్ (రంగు యాంటీబాడీలు పట్టిన కణాలను లేజర్ ముందు ఒక్కొక్కటిగా పంపి గుర్తించే మెషీన్) ఏం చెప్పినా స్లైడుతో పోల్చి చూశాకే ఒప్పుకోవాలి. కింద చెప్పే వరుసంతా ఆ పద్ధతిలోనే ఉంటుంది.

మొదటి అడుగు: బ్రాంకోస్కోపీకి ముందే మాట్లాడుకోండి

ల్యాబ్‌కు ట్యూబ్ వచ్చాక చేయగలిగేది తక్కువ. శాంపిల్ నాణ్యత సగం పైగా బ్రాంకోస్కోపీ గదిలోనే తేలిపోతుంది. కాబట్టి పల్మనాలజిస్ట్‌తో ముందే కూర్చుని ఈ విషయాలు ఖాయం చేసుకోవాలి.

ఏ భాగం కడగాలి? జబ్బు ఊపిరితిత్తులంతా పరుచుకుని ఉంటే కుడి మధ్య లోబ్ గానీ, ఎడమ వైపు లింగులా గానీ సులువు. అక్కడి నుంచి ద్రవం బాగా తిరిగి వస్తుంది. జబ్బు కొన్ని చోట్లే ఉంటే ఈమధ్య తీసిన హెచ్‌ఆర్‌సీటీ (సన్నని పొరల సీటీ స్కాన్) చూసి, మార్పులు స్పష్టంగా ఉన్న చోటును ఎంచుకోవాలి.

ఎంత సెలైన్? అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2012 మార్గదర్శకాల ప్రకారం మొత్తం 100 నుంచి 300 మి.లీ., మూడు నుంచి ఐదు విడతల్లో పంపాలి. పంపినదాంట్లో 30 శాతమైనా తిరిగి వస్తే మంచి శాంపిల్. 5 శాతం కూడా రాకపోతే, ముఖ్యంగా చాలా ద్రవం లోపలే ఉండిపోతే, ప్రక్రియను ఆపేయడమే రోగికి క్షేమం. లాగేటప్పుడు సక్షన్ 100 ఎంఎం పాదరసం మించకూడదు. గట్టిగా లాగితే శ్వాసనాళం గోడలు ముడుచుకుపోతాయి, రక్తం కలుస్తుంది, ద్రవం తిరిగి రాదు. ఎంఫిసీమా (గాలి సంచులు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లలో జాగ్రత్తగా చేసినా తక్కువే వస్తుంది. అది ఆపరేటర్ తప్పు కాదు.

మొదటి విడతలో అల్వియోలై (ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచులు) కన్నా శ్వాసనాళాల కణాలే ఎక్కువ వస్తాయి. దాన్ని విడిగా ఉంచాలా, మిగతావాటితో కలపాలా అన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. నా సలహా ఒక్కటే: ఏ పద్ధతి ఎంచుకున్నా అధ్యయనం ముగిసేదాకా మార్చకండి. సగం మంది రోగులకు కలిపి, సగం మందికి విడిగా పెడితే ఆ డేటాను ఏ గణాంక పద్ధతీ బాగుచేయలేదు.

ఫోన్ వచ్చినప్పుడు ల్యాబ్ వైపు నుంచి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది.

"శాంపిల్ అయిపోయిందండీ, పంపిస్తున్నాం."

"ఎంత పంపారు, ఎంత వచ్చింది సిస్టర్? టైం ఎంత రాశారు?"

ఈ మూడు అంకెలూ ట్యూబ్ మీదే రాసి రావాలి. తర్వాత అడిగితే ఎవరికీ గుర్తుండవు. పరిశోధన కోసమైతే ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగికి అర్థమయ్యే భాషలో సమ్మతి పత్రం ముందే చేతిలో ఉండాలి. తెలుగు రోగికి తెలుగులోనే చదివి వినిపించాలి.

రెండో అడుగు: ట్యూబు, ఐసు, గడియారం

మాక్రోఫేజ్‌లకు (క్రిములను, చెత్తను మింగే పెద్ద రోగనిరోధక కణాలు) గాజుకూ, పాలీస్టైరీన్‌కూ అతుక్కునే గుణం ఉంది. మామూలు గాజు సీసాలో వచ్చిన శాంపిల్‌లో మాక్రోఫేజ్‌ల శాతం అబద్ధంగా తగ్గిపోతుంది. పాలీప్రొపిలీన్ ట్యూబులు గానీ, సిలికాన్ పూత ఉన్న సీసాలు గానీ ఇవ్వండి. 50 మి.లీ. కోనికల్ ట్యూబుల్లో ఎక్కువ పాలీప్రొపిలీనే, అయినా కవరు మీద ఒకసారి చదవండి.

సెలైన్‌లో కణాలకు తిండి లేదు. గంట లోపు పని మొదలుపెట్టాలి. దారిలో అరగంట దాటేట్టుంటే ఐస్ మీద తేవాలి. ఇంకా దూరమైతే అక్కడే స్పిన్ చేసి, సెలైన్ తీసేసి, ఆర్‌పీఎంఐ లాంటి పోషక మాధ్యమంలో కణాలను కలిపి 4 డిగ్రీల దగ్గర పంపాలి. సాయంత్రం తీసిన శాంపిల్ ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున చూస్తామంటే ముందుగా పోయేవి న్యూట్రోఫిల్స్. అవే మీ ప్రశ్నలో కీలకమైతే ఆ శాంపిల్ వదిలేసుకోవడమే నయం.

ఇక భద్రత. మన దేశంలో ప్రతి బాల్ ద్రవాన్నీ టీబీ ఉందన్నట్టే చూడాలి. రోగికి సార్కాయిడోసిస్ అని కేస్ షీట్‌లో రాసి ఉన్నా సరే. ట్యూబ్ మూత తీయడం, వడకట్టడం, పైపెట్ చేయడం అన్నీ క్లాస్-2 బయోసేఫ్టీ క్యాబినెట్ లోపలే జరగాలి. ఎన్95 మాస్క్, రెండు జతల గ్లవ్స్ వేసుకోవాలి. సెంట్రిఫ్యూజ్ బకెట్లకు మూతలు ఉండాలి, స్పిన్ అయ్యాక వాటిని క్యాబినెట్‌లో పెట్టాకే తెరవాలి. లామినార్ ఫ్లో హుడ్ ఈ పనికి పనికిరాదు. అది శాంపిల్‌ను కాపాడుతుంది గానీ గాలిని మీ మొహం మీదికే కొడుతుంది.

అన్నిటికంటే ముందు, ఏమీ కలపకముందే, మైక్రోబయాలజీ కోసం కొంత ద్రవం స్టెరైల్ ట్యూబులోకి విడిగా తీసేయండి. ఏఎఫ్‌బీ స్మియర్, జీన్‌ఎక్స్‌పర్ట్ (రెండూ టీబీ పరీక్షలు), కల్చర్, ఫంగస్ పరీక్షలు దాంతోనే. రోగికి వెంటనే ఉపయోగపడే భాగం అది. మీ పరిశోధన దాని తర్వాతే.

మూడో అడుగు: వడకట్టి, స్పిన్ చేసి, లెక్కపెట్టడం

వచ్చిన ద్రవం మొత్తాన్ని కొలిచి, రంగు రాసుకోండి. గులాబీ రంగుంటే రక్తం కలిసినట్టు. పాలలా తెల్లగా ఉండి, కాసేపు కదపకుండా ఉంచితే అడుగున మడ్డి పేరుకుంటే అల్వియోలార్ ప్రొటీనోసిస్ (గాలి సంచుల్లో ప్రొటీన్, కొవ్వు పదార్థం నిండే జబ్బు) అనుమానించాలి. విడత విడతకూ ఎరుపు ఎక్కువవుతుంటే అల్వియోలైలో రక్తస్రావం జరుగుతున్నట్టు. ఈ చివరి విషయం కళ్లతో చూసినవాళ్లకే తెలుస్తుంది, కాబట్టి ట్యూబులకు వరుస నంబర్లు ఉండాలి.

1. కఫం ముక్కలు పోవడానికి 70 లేదా 100 మైక్రాన్ల నైలాన్ స్ట్రెయినర్‌లో ఒక్కసారే వడకట్టండి. కాటన్ గాజుగుడ్డ పాత అలవాటు. దానికి కణాలు అంటుకుపోతాయి.

2. 300 జీ (గురుత్వానికి 300 రెట్ల బలం) దగ్గర 4 డిగ్రీల్లో 10 నిమిషాలు స్పిన్ చేయండి. ఇక్కడ ఆర్‌పీఎం చూసి పెట్టే అలవాటు మానుకోవాలి. రోటర్ వ్యాసార్ధం 16 సెం.మీ. ఉన్న సెంట్రిఫ్యూజ్‌లో 300 జీ అంటే సుమారు 1,300 ఆర్‌పీఎం. చిన్న రోటర్‌లో అదే ఆర్‌పీఎం పెడితే బలం చాలదు, లింఫోసైట్లు పైనే తేలుతూ సూపర్‌నాటెంట్‌తో పాటు వెళ్లిపోతాయి.

3. సూపర్‌నాటెంట్‌ను (కణాలు అడుగున చేరాక పైన మిగిలే ద్రవం) పారబోయకండి. 0.5 మి.లీ. చొప్పున చిన్న ట్యూబుల్లో పోసి మైనస్ 80లో పెట్టండి. పెద్ద ట్యూబులో ఒకేసారి ఫ్రీజ్ చేస్తే ప్రతి పరీక్షకూ మొత్తం కరిగించాల్సి వస్తుంది. కరిగించి మళ్లీ గడ్డకట్టించిన ప్రతిసారీ సైటోకైన్లు (కణాలు ఒకదానికొకటి పంపుకునే ప్రొటీన్ సంకేతాలు) కొన్ని దెబ్బతింటాయి.

4. పెల్లెట్ (అడుగున చేరిన కణాల ముద్ద) ఎర్రగా ఉంటే అమోనియం క్లోరైడ్ లైసిస్ బఫర్ 2 నుంచి 3 నిమిషాలు మాత్రమే ఇచ్చి, వెంటనే పీబీఎస్ ఎక్కువ పోసి ఆపేయండి. ఎరుపు లేకపోతే ఈ మెట్టే వద్దు.

5. 5 మి.లీ. మాధ్యమంలో కణాలను కలిపి, ట్రిపాన్ బ్లూతో (చచ్చిన కణాలకే ఎక్కే నీలి రంగు) సమానంగా కలిపి హీమోసైటోమీటర్‌లో లెక్కపెట్టండి.

లెక్క ఒక ఉదాహరణతో చూద్దాం. 150 మి.లీ. పంపితే 60 మి.లీ. వచ్చింది, అంటే 40 శాతం. నాలుగు మూలల పెద్ద గళ్లలో కలిపి 240 బతికున్న కణాలు కనిపించాయి. సగటు 60. ట్రిపాన్ బ్లూ వల్ల రెట్టింపు పలుచన కాబట్టి రెండుతో, గది పరిమాణం కోసం 10,000తో గుణిస్తే మి.లీ.కి 12 లక్షలు. 5 మి.లీ.లో మొత్తం 60 లక్షలు. వచ్చిన 60 మి.లీ.తో భాగిస్తే బాల్ ద్రవంలో మి.లీ.కి లక్ష కణాలు. పొగ తాగని ఆరోగ్యవంతుల్లో కనిపించే స్థాయి ఇంచుమించు ఇదే. పొగ తాగేవాళ్లలో ఇది కొన్ని రెట్లు ఎక్కువ, పెరిగినవాటిలో ఎక్కువ భాగం మాక్రోఫేజ్‌లే. ఈ సంగతి మర్చిపోయి కంట్రోల్ గ్రూపులో స్మోకర్లను కలిపేస్తే మొత్తం పోలిక కుప్పకూలుతుంది.

బతికున్న కణాలు 80 శాతానికి తగ్గితే ఫ్లో ఫలితాలను అనుమానంతో చూడాలి. ట్రిపాన్ బ్లూ కలిపాక ఐదు నిమిషాల్లోపే లెక్క ముగించండి. ఆలస్యమైతే బాగున్న కణాలకూ నీలం ఎక్కుతుంది.

నాలుగో అడుగు: సైటోస్పిన్ స్లైడ్. ఇక్కడ తొందరపడొద్దు

సైటోస్పిన్ అంటే కణాలను తిప్పి నేరుగా స్లైడు మీద పరిచే సెంట్రిఫ్యూజ్. కణాలను మి.లీ.కి 5 లక్షలకు పలుచన చేయండి. పై ఉదాహరణలో 0.5 మి.లీ. తీసి 0.7 మి.లీ. మాధ్యమం కలిపితే సరిపోతుంది. ఒక్కో ఫన్నెల్‌లో 150 మైక్రోలీటర్లు, అంటే 75 వేల కణాలు. 500 ఆర్‌పీఎం దగ్గర ఐదు నిమిషాలు. కనీసం నాలుగు స్లైడులు చేయండి: రెండు వెంటనే రంగు వేయడానికి, రెండు మెథనాల్‌లో ఫిక్స్ చేసి దాచడానికి.

మంచి స్లైడులో కణాలు ముగ్గు చుక్కల్లా విడివిడిగా పడాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే పలుచన సరిపోలేదన్నట్టు. న్యూక్లియస్‌లు పగిలి ఊదా దారాల్లా సాగి కనిపిస్తే స్పిన్ వేగం ఎక్కువైనట్టో, కణాలు అప్పటికే చచ్చిపోయినట్టో అర్థం. మాధ్యమంలో కాస్త ప్రొటీన్ లేకపోయినా కణాలు చితుకుతాయి. 1 నుంచి 2 శాతం అల్బుమిన్ గానీ సీరమ్ గానీ కలిపితే ఆకారం నిలుస్తుంది.

రంగుకు మే-గ్రున్‌వాల్డ్-గీమ్సా గానీ రైట్-గీమ్సా గానీ వాడండి. నిమిషంలో అయిపోయే డిఫ్-క్విక్ చాలా ల్యాబుల్లో ఉంటుంది, మామూలు లెక్కకు పర్వాలేదు. కానీ మాస్ట్ కణాల (అలర్జీలో పాల్గొనే కణాలు) గుళికలకు దాని రంగు సరిగ్గా పట్టకపోవచ్చు. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అనుమానం ఉన్న శాంపిల్‌లో మాస్ట్ కణాలు పనికొచ్చే ఆధారం కాబట్టి, అలాంటప్పుడు ఒక స్లైడుకు టొలుయిడిన్ బ్లూ వేయండి.

ఇప్పుడు మైక్రోస్కోప్ దగ్గర కూర్చోండి. ముందు 10 ఎక్స్‌లో స్లైడంతా ఒక చుట్టు తిరగండి. తర్వాత 100 ఎక్స్ ఆయిల్‌లో కనీసం 400 కణాలు లెక్కపెట్టాలి. 100 లెక్కపెట్టి శాతాలు రాసేవాళ్లను చూస్తుంటాం. ఇసినోఫిల్స్ ఒక శాతం దాటాయా లేదా అనేదే ప్రశ్న అయినప్పుడు 100లో ఒకటా రెండా అన్న లెక్కకు విలువే లేదు. అన్ని కణాలూ వృత్తంలో సమానంగా పరుచుకోవు. కాబట్టి నచ్చిన ఒక ఫీల్డ్‌లో ఉండిపోకుండా ఒక అంచు నుంచి మధ్య మీదుగా రెండో అంచు దాకా వంకరటింకరగా వెళ్తూ లెక్కపెట్టండి.

ఏమేం కనిపిస్తాయి? అల్వియోలార్ మాక్రోఫేజ్ పెద్దది, సైటోప్లాజం ధారాళంగా, నురగలా, గుళ్లలు గుళ్లలుగా ఉంటుంది. పొగ తాగేవాళ్లలో దాంట్లో గోధుమ, నలుపు రేణువులు నిండి ఉంటాయి. కట్టెల పొయ్యి దగ్గర ఏళ్ల తరబడి వంట చేసినవాళ్లలో కూడా ఈ మసి కనిపించవచ్చు. అందుకే బీడీ, సిగరెట్ ప్రశ్నతో పాటు వంట ఇంధనం ప్రశ్న కూడా ఫారంలో ఉండాలి. లింఫోసైట్ చిన్నది, గుండ్రటి ముదురు న్యూక్లియస్, చుట్టూ సన్నని నీలం అంచు. చిన్న మోనోసైట్‌ను లింఫోసైట్‌గా లెక్కపెట్టడం కొత్తవాళ్లలో తరచుగా జరిగే పొరపాటు. న్యూక్లియస్‌కు నొక్కు ఉండి, సైటోప్లాజం బూడిదరంగులో వెడల్పుగా ఉంటే ఆగి ఆలోచించండి. న్యూట్రోఫిల్, ఇసినోఫిల్ గురించి చెప్పనక్కర్లేదు, రక్తంలో చూసినవే.

వెంట్రుకల్లాంటి సిలియా ఉన్న కణాలు, పలకల్లాంటి స్క్వామస్ కణాలు ఐదు శాతం దాటితే ఆ శాంపిల్ అల్వియోలై నుంచి సరిగ్గా రాలేదు. అంకెలు ఎంత ఆసక్తికరంగా ఉన్నా దాన్ని అధ్యయనంలో కలపొద్దు.

పొగ తాగని ఆరోగ్యవంతుల్లో మాక్రోఫేజ్‌లు 85 శాతం పైన, లింఫోసైట్లు 10 నుంచి 15, న్యూట్రోఫిల్స్ 3 లోపు, ఇసినోఫిల్స్ 1 లోపు ఉంటాయి. లింఫోసైట్లు 25 దాటితే సార్కాయిడోసిస్, హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్, మందుల వల్ల వచ్చే రియాక్షన్ లాంటివి మనసులోకి రావాలి. 50 దాటితే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ వైపు మొగ్గు పెరుగుతుంది. ఇసినోఫిల్స్ 25 దాటితే, రోగి లక్షణాలు కూడా కలిసొస్తే, ఇసినోఫిలిక్ ఊపిరితిత్తుల జబ్బు దాదాపు ఖాయం. న్యూట్రోఫిల్స్ 50 దాటితే ఇన్ఫెక్షనో, ఆస్పిరేషనో, తీవ్రమైన ఊపిరితిత్తుల గాయమో చూసుకోవాలి. ఈ అంకెలు రోగ నిర్ధారణ కావు. సీటీ, రోగి చరిత్ర పక్కన పెట్టుకుని చదవాల్సినవి.

ఐదో అడుగు: ఫ్లో సైటోమెట్రీ

స్లైడు మీద లింఫోసైట్ అంటే లింఫోసైటే. అది సీడీ4నా, సీడీ8నా, బీ కణమా, ఎన్‌కే కణమా చెప్పలేం. ఫ్లో అవసరం అక్కడ మొదలవుతుంది.

రక్తంతో ఫ్లో చేసి అలవాటైనవాళ్లకు ఊపిరితిత్తుల శాంపిల్ మొదటిసారి చుక్కలు చూపిస్తుంది. కారణం ఆటోఫ్లోరసెన్స్. అల్వియోలార్ మాక్రోఫేజ్‌లు ఏ యాంటీబాడీ లేకుండానే వెలుగుతాయి. 488 నానోమీటర్ల నీలి లేజర్ పడితే ఆ వెలుగు ఎఫ్ఐటీసీ, పీఈ అనే రంగుల చానళ్లలోకి దండిగా వస్తుంది. స్మోకర్లలో ఇంకా ఎక్కువ. ఏమీ తెలియకుండా ఎఫ్ఐటీసీలో ఒక మాక్రోఫేజ్ మార్కర్ పెడితే ప్రతి రోగిలోనూ అది పాజిటివ్‌గా కనిపిస్తుంది. కొత్త ఉపజాతి కణాలు కనిపెట్టామన్న ఆనందం కొన్నాళ్లు ఉంటుంది, అంతే.

దీనికి మందు ప్యానెల్ (ఏ మార్కర్‌కు ఏ రంగు అన్న జాబితా) వేసేటప్పుడే ఉంది. మాక్రోఫేజ్‌ల మీద చూడాల్సిన సీడీ206, సీడీ163 లాంటివాటిని 640 నానోమీటర్ల ఎర్ర లేజర్ చానళ్లకు, ఏపీసీ లాంటి రంగులకు పంపండి. అక్కడ ఆటోఫ్లోరసెన్స్ తక్కువ. లింఫోసైట్లకు ఈ గొడవ పెద్దగా లేదు కాబట్టి సీడీ4, సీడీ8 లాంటి గట్టి మార్కర్లను ఎఫ్ఐటీసీలో పెట్టినా నడుస్తుంది. ప్రతి రోగికీ స్టెయిన్ చేయని ట్యూబ్ ఒకటి తప్పనిసరి. వేరే రోగిది వాడితే కుదరదు, ఎందుకంటే వెలుగు మనిషి మనిషికీ మారుతుంది. స్పెక్ట్రల్ సైటోమీటర్ ఉంటే ఆ ట్యూబునే ఆధారంగా చేసుకుని ఆటోఫ్లోరసెన్స్‌ను ఒక రంగుగా లెక్కగట్టి తీసేయవచ్చు.

మొదలుపెట్టడానికి ఈ ప్యానెల్ చాలు: వయబిలిటీ డై (చచ్చిన కణాలను గుర్తించే రంగు), సీడీ45, సీడీ3, సీడీ4, సీడీ8, హెచ్ఎల్ఏ-డీఆర్, సీడీ206, సీడీ15, సీడీ16. తర్వాత అవసరాన్ని బట్టి సీడీ19, సీడీ56, సీడీ14, సీడీ103 కలపండి. మొదటి రోజే 20 రంగులకు వెళ్లొద్దు.

స్టెయినింగ్ వరుస ఇది. ట్యూబుకు 5 నుంచి 10 లక్షల కణాలు. ప్రొటీన్ లేని పీబీఎస్‌లో వాష్ ఇచ్చి వయబిలిటీ డై వేసి, గది ఉష్ణోగ్రతలో చీకట్లో 15 నుంచి 20 నిమిషాలు. సీరమ్ ఉంటే డై దానికే అతుక్కుపోతుంది. తర్వాత 2 శాతం సీరమ్, 2 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న బఫర్‌లో వాష్. ఈడీటీఏ లేకపోతే మాక్రోఫేజ్‌లు గుంపులు కడతాయి. ఎఫ్‌సీ బ్లాక్ (యాంటీబాడీలు తోకతో అతుక్కునే రిసెప్టర్లను మూసేది) 10 నిమిషాలు. మాక్రోఫేజ్‌ల మీద ఎఫ్‌సీ రిసెప్టర్లు దట్టంగా ఉంటాయి కాబట్టి ఈ మెట్టు ఎగ్గొట్టడానికి వీల్లేదు. ఆ తర్వాత యాంటీబాడీ మిశ్రమం, 4 డిగ్రీల్లో చీకట్లో 30 నిమిషాలు. రెండు వాష్‌లు. చివర పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్సింగ్. ఎంత గాఢతలో ఎంతసేపు ఉంచితే టీబీ క్రిములు చస్తాయో మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీ పరీక్షించి ఒప్పుకున్న పద్ధతినే పాటించండి. ఫిక్స్ చేయని బాల్ కణాలను తెరిచి ఉన్న సెల్ సార్టర్‌లో పెట్టడం మాత్రం ప్రమాదం, దాంట్లోంచి తుంపర్లు లేస్తాయి.

పీఈ-సై7 లాంటి టాండమ్ రంగులతో (రెండు రంగులు జోడించినవి) ఇంకో చిక్కుంది. మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు యాంటీబాడీతో పనిలేకుండా సై7 అనే సయనైన్ భాగాన్నే పట్టుకుంటాయి. దానికి విడిగా బ్లాకర్లు దొరుకుతాయి. వెలుతురు తగిలినా, ఫిక్సేటివ్‌లో ఎక్కువసేపు ఉన్నా టాండమ్‌లు విరిగిపోతాయి కాబట్టి స్టెయిన్ చేసిన రోజే మెషీన్ మీద నడిపించండి.

గేట్లు వేయడం

గేటు అంటే తెర మీది చుక్కల్లో మనకు కావలసిన కణాల చుట్టూ గీసే హద్దు. మెషీన్ దగ్గర మొదటి పని ఫార్వర్డ్ స్కాటర్ (కణం సైజును చెప్పే సంకేతం) వోల్టేజ్ తగ్గించడం. రక్తానికి పెట్టిన సెట్టింగ్‌లో అల్వియోలార్ మాక్రోఫేజ్‌లు కుడి అంచుకు కుప్పగా అతుక్కుంటాయి. లింఫోసైట్లు, మాక్రోఫేజ్‌లు రెండూ తెర మీద కనిపించేలా సర్దండి.

తర్వాత సంకేతం ఏరియాను హైట్‌తో పోల్చి జంటకణాలను (అతుక్కుని ఒక్కటిగా లెక్కలోకి వచ్చినవి) తీసేయడం, చచ్చినవాటిని తీసేయడం, సీడీ45 పాజిటివ్ కణాలను ఉంచడం. వాటిలో పెద్దవిగా, హెచ్ఎల్ఏ-డీఆర్, సీడీ206 రెండూ ఎక్కువగా ఉన్నవి అల్వియోలార్ మాక్రోఫేజ్‌లు. సైడ్ స్కాటర్ (కణం లోపలి గుళికలను చెప్పే సంకేతం) తక్కువగా, సీడీ3 పాజిటివ్‌గా ఉన్నవి టీ కణాలు. సీడీ15, సీడీ16 రెండూ ఉన్నవి న్యూట్రోఫిల్స్. సీడీ15 ఉండి సీడీ16 లేనివి ఇసినోఫిల్స్ కావచ్చు. 'కావచ్చు' అన్నది ఊరికే కాదు. ఉత్తేజితమైన, చావుకు దగ్గరైన న్యూట్రోఫిల్స్ కూడా సీడీ16ను వదిలేస్తాయి. ఇలాంటి తగాదాను స్లైడ్ తీరుస్తుంది. గేటు ఎక్కడ గీయాలో తేలని చోట ఎఫ్ఎంఓ కంట్రోల్ (ఆ ఒక్క రంగు తప్ప మిగతావన్నీ వేసిన ట్యూబ్) చూడండి, కంటి అంచనాతో గీయకండి.

టీ కణాలు 5,000 దొరికాయనుకుందాం. అందులో 3,900 సీడీ4, 900 సీడీ8 అయితే నిష్పత్తి 4.3. మిగతా కణాలు మామూలుగా ఉండి ఈ నిష్పత్తి 4 దాటితే సార్కాయిడోసిస్ అనుమానం బాగా బలపడుతుంది. కానీ సార్కాయిడోసిస్ ఉన్న చాలామందిలో నిష్పత్తి మామూలుగానే ఉంటుంది, కొందరిలో తక్కువ కూడా. వయసుతో అది పెరుగుతుంది. టీబీలోనూ సీడీ4 లింఫోసైట్లు పెరగవచ్చు. అందుకే మన దగ్గర జీన్‌ఎక్స్‌పర్ట్, కల్చర్ ఫలితాలు చేతిలో లేకుండా ఈ ఒక్క అంకెతో స్టెరాయిడ్స్ దాకా వెళ్లడం ప్రమాదకరం.

స్లైడుతో సరిపోల్చండి

ఫ్లోలో వచ్చిన లింఫోసైట్ల శాతాన్నీ, స్లైడు మీది శాతాన్నీ పక్కపక్కన రాయండి. ఫ్లోలో మాక్రోఫేజ్‌లు తక్కువగా రావడం మామూలే. ట్యూబుకు అతుక్కునేవి కొన్ని, జంటకణాలుగా లెక్కలోంచి పోయేవి కొన్ని, ఆటోఫ్లోరసెన్స్ వల్ల చచ్చిన కణాల గేటులో పడేవి కొన్ని. తేడా కొద్దిగా ఉంటే సరే. పది శాతం పాయింట్లు దాటితే నేనైతే ఆ ఫైలును పక్కన పెట్టి, ముందు వయబిలిటీ గేటు, తర్వాత ఫార్వర్డ్ స్కాటర్ సెట్టింగ్, ఆ తర్వాత స్ట్రెయినర్ మెట్టు, ఈ వరుసలో వెతుకుతాను. స్లైడులో కనిపించిన ఇసినోఫిల్స్ ఫ్లోలో మాయమైతే తప్పు ఫ్లోదే.

సూపర్‌నాటెంట్, టీ కణాల పనితీరు

సైటోకైన్లకు ఎలైసా గానీ మల్టీప్లెక్స్ కిట్ గానీ వాడతాం. చిక్కంతా పలుచన దగ్గరే. అల్వియోలై మీది పలుచటి ద్రవం ఎంత సెలైన్‌లో కలిసిందో తెలియదు. అదే రోజు రక్తంలోనూ, బాల్‌లోనూ యూరియా కొలిచి పలుచనను అంచనా వేసే పద్ధతి 1986 నుంచి వాడుకలో ఉంది. సెలైన్ లోపల ఎక్కువసేపు నిలిస్తే రక్తం నుంచి యూరియా దాంట్లోకి జారి లెక్క తప్పుతుంది. సరిచేసిన అంకె, సరిచేయని అంకె రెండూ ఇవ్వడం మంచిది.

టీ కణాలు ఏం చేస్తున్నాయో చూడాలంటే పీఎంఏ, అయనోమైసిన్ అనే రసాయనాలతో 4 నుంచి 6 గంటలు ఉత్తేజపరిచి, బ్రెఫెల్డిన్‌తో సైటోకైన్లను కణం లోపలే ఆపి, తర్వాత స్టెయిన్ చేస్తారు. పీఎంఏ తగిలాక సీడీ4 కణం పైనుంచి దిగిపోతుంది. అప్పుడు సీడీ3 పాజిటివ్, సీడీ8 నెగటివ్ అన్న దారిలో వెళ్లాలి. టీబీ మీద ప్రశ్న ఉంటే టీబీ క్రిమికి చెందిన ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 పెప్టైడ్లు వాడతారు.

కణజాలం, ఎలుకలు, సింగిల్ సెల్

బాల్ అల్వియోలై లోపలి కణాలనే ఇస్తుంది. గోడల మధ్య ఉన్న కణాలు కావాలంటే సర్జరీలో తీసిన ముక్కను 1 నుంచి 2 మి.మీ. ముక్కలుగా తరిగి, కొలాజినేజ్, డీఎన్ఏజ్‌లతో 37 డిగ్రీల్లో 30 నుంచి 45 నిమిషాలు కరిగించి, 70 మైక్రాన్ల స్ట్రెయినర్‌లో వడకట్టాలి. డీఎన్ఏజ్ మానేస్తే చచ్చిన కణాల డీఎన్ఏ జిగురులా పట్టుకుని మొత్తం ఉండకడుతుంది. ఎంజైమ్ కొన్ని ఉపరితల మార్కర్లను కొరికేస్తుంది కాబట్టి, ముందు రక్తకణాలకు అదే ఎంజైమ్ ఇచ్చి మీ మార్కర్లు నిలుస్తున్నాయో లేదో చూసుకోండి.

ఎలుకల్లో మార్కర్లే వేరు. అల్వియోలార్ మాక్రోఫేజ్‌లు సిగ్లెక్-ఎఫ్, సీడీ11సీ రెండూ పాజిటివ్. ఇసినోఫిల్స్‌కు సిగ్లెక్-ఎఫ్ ఉంటుంది, సీడీ11సీ ఉండదు. బ్లియోమైసిన్ ఇచ్చి ఫైబ్రోసిస్ తెప్పించిన ఎలుకల్లో రక్తం నుంచి కొత్తగా వచ్చిన మాక్రోఫేజ్‌లు సిగ్లెక్-ఎఫ్ తక్కువతో కనిపిస్తాయి. ఫైబ్రోసిస్‌ను నడిపేవి ఇవేనని 2017లో చూపించారు. అందుకే 'సిగ్లెక్-ఎఫ్ పాజిటివ్' అని ఒక్క గేటు వేసి ఊరుకుంటే అసలు కథ జారిపోతుంది. ఊపిరితిత్తిని ఎంత కడిగినా రక్తనాళాల్లోని కణాలు పూర్తిగా పోవు. చంపడానికి 3 నిమిషాల ముందు సీడీ45 యాంటీబాడీని తోక సిరలోకి ఎక్కిస్తే, రక్తంలో ఉన్నవాటికి రంగు పడుతుంది, కణజాలంలో ఉన్నవాటికి పడదు. ఇదంతా జంతు ప్రయోగాల నైతిక కమిటీ అనుమతితోనే.

సింగిల్ సెల్ సీక్వెన్సింగ్‌కు (ఒక్కో కణంలోని ఆర్ఎన్ఏను విడిగా చదవడం) వెళ్లేముందు ఒక మాట. న్యూట్రోఫిల్స్‌లో ఆర్ఎన్ఏ తక్కువ. మామూలు ఫిల్టర్లు పెడితే అవి డేటాలోంచి తప్పిపోతాయి. స్లైడు మీద 40 శాతం న్యూట్రోఫిల్స్, సీక్వెన్సింగ్‌లో 3 శాతం వస్తే ఆశ్చర్యపోకండి, మీ ఫిల్టర్లు చూడండి. ఎంజైమ్‌తో వేడిలో కరిగించడం వల్లే ఫాస్, జున్ లాంటి ఒత్తిడి జన్యువులు పెరుగుతాయి, దాన్ని జబ్బుగా పొరబడొద్దు. కణాలకు పేర్లు పెట్టడానికి 2023లో వచ్చిన హ్యూమన్ లంగ్ సెల్ అట్లాస్ మంచి ఆధారం. 486 మంది నుంచి 24 లక్షల కణాలను ఒకచోట చేర్చిన మ్యాప్ అది.

పని ముగిశాక

ఫ్రీజ్ చేసిన కణాల్లో లింఫోసైట్లు బాగానే బతుకుతాయి. న్యూట్రోఫిల్స్ బతకవు, మాక్రోఫేజ్‌లు చాలావరకు దెబ్బతింటాయి. కాబట్టి వీటి మీద ఫ్లో తాజాగా ఉన్నప్పుడే చేయాలి. మిగిలిన కణాలను 10 శాతం డీఎంఎస్ఓలో లిక్విడ్ నైట్రోజన్‌లో పెడితే తర్వాత టీ కణాల ప్రయోగాలకు పనికొస్తాయి.

మిగిలిన శాంపిల్, కల్చర్ వ్యర్థాలను ముందు ఆటోక్లేవ్ చేసి పసుపు సంచిలో, ప్లాస్టిక్ ట్యూబులు, టిప్‌లను ఎర్ర సంచిలో, సూదులను తెల్ల డబ్బాలో వేయాలి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెప్పేది ఇదే. ఆ రోజు రిజిస్టర్‌లో పంపిన ద్రవం, వచ్చిన ద్రవం, కడిగిన లోబ్, బయటికి తీసిన సమయం, స్పిన్ మొదలైన సమయం, వయబిలిటీ, స్లైడ్ లెక్క, ఫ్లో ఫైల్ పేరు, యాంటీబాడీల లాట్ నంబర్లు, రోగి పొగ అలవాటు, ఇంట్లో కూలర్, పావురాలు ఉన్నాయా లేదా, వేసుకుంటున్న స్టెరాయిడ్ డోసు రాయండి. స్టెరాయిడ్ గడిని ఖాళీగా వదిలేస్తే, లింఫోసైట్లు జబ్బు వల్ల తగ్గాయా, మందు వల్ల తగ్గాయా అన్నది ఏడాది తర్వాత ఎవరూ చెప్పలేరు.